రాణి కనపడటం లేదు, గుడ్లూ లేవు, ఎన్నాళ్లు ఆగాలి?

నూజివీడు_తోట · జనవరి 12

అందరికీ నమస్కారం. మాది మామిడి తోట. పూత టైముకి ఉపయోగపడతాయని రెండు పెట్టెల ఇటాలియన్ తేనెటీగలు తెచ్చి పెట్టాను. ఒక పెట్టె బ్రహ్మాండంగా ఉంది. రెండోదాంట్లో ఈరోజు ఫ్రేములు (ఈగలు పట్టు కట్టుకునే చట్రాలు) ఒక్కొక్కటే తీసి చూస్తే రాణి ఎక్కడా కనపడలేదు, పోనీ గుడ్లయినా ఉంటాయేమో అని ఎండకి వీపు పెట్టి, వెలుగు గదుల అడుగున పడేలా ఫ్రేము వంచి మరీ చూశాను, అవీ లేవు. మూత వేసిన గదులు మాత్రం రెండు ఫ్రేముల నిండా ఉన్నాయి. ఒక పట్టు మధ్యలో వేరుశెనగ కాయల్లాంటివి మూడు కిందికి వేలాడుతున్నాయి, ఫొటో పెట్టాను చూడండి.

పెట్టెలు అమ్మినాయన వెంటనే కొత్త రాణిని కొనమంటున్నారు, లేకపోతే పెట్టె పోతుందట. మా బావగారేమో రెండు పెట్టెలూ కలిపేయమంటున్నారు. పూత నిండుగా ఉన్నప్పుడు ఇలా అయ్యేసరికి చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

తేనెబాట · జనవరి 12

ముందు ఏమీ కొనకండి, ఏమీ కలపకండి. నాకు రెండు సంగతులు చెప్పండి. మూత లేని గదుల్లో పురుగులు ఉన్నాయా, ఉంటే గది అడుగున తెల్లటి జెల్లీలో పడుకున్న చిన్నవా, గదంతా నిండిపోయిన పెద్దవా? ఆ వేలాడే మూడింటి కొనలు మూసి ఉన్నాయా, తెరిచి ఉన్నాయా?

నూజివీడు_తోట · జనవరి 12

చిన్నవి అస్సలు లేవండి. లావుగా, గుండ్రంగా చుట్టుకుని గదంతా ఆక్రమించినవే కొన్ని ఉన్నాయి, వాటికి కూడా ఈగలు మూతలు వేసేస్తున్నాయి. వేలాడేవి మూడూ మూసే ఉన్నాయి.

తేనెబాట · జనవరి 12

అయితే మీ పెట్టె బాగానే ఉంది, దాని పని అది చేసుకుంటోంది. ఎలా చెప్పగలనంటే లెక్క ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఇటాలియన్ ఈగల్లో రాణి ఎదగడానికి గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి 16 రోజులు, కూలీ ఈగకి 21, మగ ఈగకి 24. గుడ్డు దశ ముగ్గురికీ 3 రోజులే. మొదటి రోజు గుడ్డు గది అడుగున నిలువుగా నిలబడి ఉంటుంది, పోను పోను ఒరిగి, మూడో రోజుకి పూర్తిగా పడుకుంటుంది. ఆ తర్వాత పిల్ల పురుగు బయటికొస్తుంది. కూలీ ఈగ గదికి దాదాపు 9వ రోజున మూత పడుతుంది, రాణి గదికి 8వ రోజుకే పడిపోతుంది.

ఇప్పుడు మీ పెట్టె చూద్దాం. గుడ్డు ఒక్కటీ లేదంటే రాణి గుడ్లు పెట్టడం మానేసి 3 రోజులు దాటింది. చిన్న పురుగులు కూడా లేవు, మిగిలినవి మూత పడటానికి సిద్ధంగా ఉన్నాయి, అంటే వాటి వయసు గుడ్డుతో కలిపి 7, 8 రోజులు. కాబట్టి మీ రాణి ఇంచుమించు వారం క్రితం పోయింది, అంటే 5వ తేదీ అటూ ఇటూ. రాణి వాసన తగ్గిందని ఈగలకి కొన్ని గంటల్లోనే తెలిసిపోతుంది. వెంటనే కూలీ ఈగల గదుల్లో ఉన్న పసి పురుగుల్లో కొన్నింటిని ఎంచుకుని, ఆ గదుల్ని కిందికి సాగదీసి రాణి గదులుగా మార్చేస్తాయి. అందుకే మీవి పట్టు మధ్యలో ఉన్నాయి. గుంపు విడిపోవడానికి కట్టుకునే రాణి గదులైతే ఎక్కువగా పట్టు అడుగు అంచున వరసగా ఉంటాయి.

అప్పుడు ఎంచుకున్న పురుగు గుడ్డుతో కలిపి 4 రోజులదో 5 రోజులదో అయి ఉంటుంది. దానికి ఈ వారం కలిపితే 11 లేదా 12. పదహారుకి ఇంకా 4, 5 రోజులు. కనుక 16, 17 తేదీల్లో కొత్త రాణి బయటికి రావాలి. పుట్టిన రాణి ఒళ్లు గట్టిపడి ఎగరడానికి 5 నుంచి 7 రోజులు, మగ ఈగలతో కలిసి వచ్చాక గుడ్డు పెట్టడానికి ఇంకో 2, 3 రోజులు. జనవరి నెలాఖరుకి గుడ్లు కనపడాలి.

ఒక్క మాట ముందే చెప్తున్నా, కంగారు పడకుండా ఉండటానికి. పాత రాణి పెట్టిన చివరి గుడ్డుకి 26వ తేదీతో 21 రోజులు నిండుతాయి. అప్పటికి కొత్త రాణి ఇంకా మొదలుపెట్టకపోవచ్చు, అలాంటప్పుడు మీరు పెట్టె తెరిస్తే పిల్ల (గుడ్లు, పురుగులు, మూత వేసిన గదుల్లోవి) అనేదే ఉండదు, పట్టంతా ఖాళీగా ఉంటుంది. చాలామంది సరిగ్గా అక్కడే బెంబేలెత్తి కొత్త రాణిని తెచ్చి వేస్తారు, లోపలున్న కన్నె రాణి ఆమెని చంపేస్తుంది, డబ్బులు పోతాయి.

సిద్దిపేట_పొద్దుతిరుగుడు · జనవరి 12

తేనెబాట అన్నా, మంచిగ చెప్పినవ్. నాకొక డౌట్. కూలీ ఈగ అయ్యే పురుగునే రాణిగా మారుస్తాయి అంటున్నవ్ కదా, అదెట్లా సాధ్యం? గుడ్డులోనే రాసి ఉండదా?

జువాలజీ_మేడం · జనవరి 13

ఇది నేను క్లాసులో ఎంతో ఇష్టంగా చెప్పే పాఠం, కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను.

రాణి గుడ్డు, కూలీ గుడ్డు అని రెండు రకాలు లేవు. ఫలదీకరణ జరిగిన గుడ్డు మామూలుగా ఆడదే, అది రాణి కాగలదు, కూలీ కాగలదు. తేడా అంతా తిండిలో. మొదటి మూడు రోజులు అన్ని పురుగులకీ దాది ఈగలు తమ తలలోని గ్రంథుల నుంచి వచ్చే జెల్లీనే పెడతాయి. ఆ తర్వాత కూలీ పురుగుకి జెల్లీ తగ్గించి తేనె, పుప్పొడి కలిపి పెట్టడం మొదలుపెడతాయి. రాణి గదిలో ఉన్నదానికి మాత్రం చివరి వరకూ రాయల్ జెల్లీయే, అదీ తిన్నంత కాదు, తినలేనంత. మూత పడ్డాక కూడా గదిలో జెల్లీ మిగిలే ఉంటుంది. ఈ తిండి తేడా వల్ల హార్మోన్లు మారతాయి, ఏ జన్యువులు పనిచేయాలి, ఏవి నిద్రపోవాలి అన్నది మారుతుంది. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు డీఎన్ఏకి మిథైల్ అనే రసాయన గుర్తులు తగిలించే ఒక ఎంజైమ్‌ని లార్వాల్లో, అంటే ఈ పురుగుల్లో, అణిచిపెట్టి చూస్తే, వాటిలో ఎక్కువ భాగం పూర్తిగా ఎదిగిన అండాశయాలతో రాణులుగా తయారయ్యాయి. కూలీ ఈగ ఒక్కో అండాశయంలో అండనాళికలు (గుడ్లు తయారయ్యే సన్నటి గొట్టాలు) మామూలుగా పదిలోపే ఉంటే, రాణికి 150 దాటి ఉంటాయి. ఒకే గుడ్డు నుంచి ఇంత తేడా!

అందుకే వయసు ముఖ్యం. మూడు రోజులు దాటిన పురుగుని రాణి గదిలోకి మార్చినా సరైన రాణి రాదు, అండాశయాలు సగం సగంగా ఉండే మధ్యరకం ఈగ వస్తుంది. ఎంత పసిదాన్ని ఎంచుకుంటే అంత మంచి రాణి.

మగ ఈగ సంగతి వేరు. అది ఫలదీకరణ జరగని గుడ్డు నుంచి పుడుతుంది. ఆడ ఈగకి 32 క్రోమోజోములైతే దానికి 16 మాత్రమే, అంటే దానికి తండ్రి లేడు, తాత ఉన్నాడు. 1845లో మధ్య ఐరోపాలోని సైలీషియాకి చెందిన యాన్ జియర్జోన్ అనే మతాచార్యుడు ఈ మాట చెప్తే అప్పట్లో చాలామంది ఒప్పుకోలేదు. రాణి తాను గుడ్డు పెట్టబోయే గది వెడల్పుని ముందు కాళ్లతో కొలుచుకుని, వెడల్పాటి గదైతే వీర్యం విడుదల చేయకుండా గుడ్డు పెడుతుంది.

మూత వెనక జరిగేది కూడా చెప్పాలి, ఎందుకంటే బయటికి కనపడేది తక్కువ. పురుగుగా ఉన్నన్నాళ్లూ దాని పేగు వెనక వైపు మూసుకునే ఉంటుంది, తినే తిండిలోనే పడుకుంటుంది కాబట్టి దాన్ని పాడు చేయకుండా. తినడం అయిపోయాక ఆ దారి తెరుచుకుని ఒకేసారి విసర్జిస్తుంది, తన చుట్టూ పట్టుదారం అల్లుకుంటుంది, నిటారుగా సాగి ప్యూపాగా మారుతుంది. మూత తీసి చూస్తే తెల్లటి ఈగ బొమ్మ కనపడుతుంది, కాళ్లు, మీసాలు అన్నీ పొట్టకి ఆనించుకుని. ముందు కళ్లకి రంగు వస్తుంది, తెలుపు నుంచి గులాబీ, ఊదా, చివరికి ముదురు గోధుమ. ఒళ్లు నల్లబడటం ఆ తర్వాతే. కళ్ల రంగు చూసి ప్యూపా వయసు చెప్పేయొచ్చు.

సిద్దిపేట_పొద్దుతిరుగుడు · జనవరి 13

థాంక్స్ మేడం. తండ్రి లేడు, తాత ఉన్నాడు అన్న ముక్క మా పిల్లలకి చెప్పిన, అప్పటినుంచి ఇంకా చెప్పు అంటున్నరు.

అరకు_వలిసెలు · జనవరి 13

తేనెబాట గారి లెక్క ఇటాలియన్ ఈగలకి. మన నాటు ఈగలు పెంచేవాళ్లు దీన్ని ఉన్నదున్నట్టు పట్టుకోకండి. మా వైపు చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉండే ఈగల్ని పట్టి పెట్టెల్లో పెంచుతాం, వాటిలో కూలీ ఈగ 18 నుంచి 20 రోజులకే వచ్చేస్తుంది, రాణి 15, 16కి. ఇంకో తేడా మగ ఈగల గదుల మూతల్లో కనపడుతుంది, నాటు ఈగల్లో ఆ మూత మధ్యలో సూది మొనంత రంధ్రం ఉంటుంది, ఇటాలియన్ వాటికి ఉండదు. మొదటిసారి చూసినవాళ్లు పురుగు పట్టిందనుకుంటారు, అది దాని సహజ లక్షణం.

పిల్ల గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి నాటు ఈగలవాళ్లు భయపడాల్సింది థాయ్ శాక్‌బ్రూడ్‌కి. 1991, 92లో దక్షిణాదిలో ఇది వచ్చినప్పుడు నాటు ఈగల పెట్టెలు లెక్కలేనన్ని ఖాళీ అయ్యాయి. ఈ వైరస్ సోకిన పిల్ల సరిగ్గా ప్యూపాగా మారాల్సిన దగ్గర ఆగిపోతుంది. నిటారుగా సాగుతుంది, తల పైకి లేపి పడవ ఆకారంలో ఎండిపోతుంది. ఎండకముందు పుల్లతో తీస్తే లోపల నీళ్లు నిండిన సంచిగా బయటికొస్తుంది, పగలదు. మందు లేదు. మేం చేసేదల్లా రాణిని కొన్నాళ్లు బోనులో పెట్టి గుడ్లు ఆపేయడం, ఉన్న పిల్ల అయిపోయి ఈగలు గదులన్నీ శుభ్రం చేసుకున్నాక మళ్లీ వదలడం. పిల్ల లేకపోతే వైరస్ పెరగడానికి చోటుండదు. అంటే నూజివీడు వారికి ఇప్పుడు అనుకోకుండా వచ్చిన విరామమే మేం కావాలని తెప్పిస్తాం.

ఒహాయో_తెలుగు · జనవరి 14

పండగ శుభాకాంక్షలు అందరికీ. ఇక్కడ మంచు, ఏప్రిల్ దాకా పెట్టె సరిగ్గా తెరవలేను, మీ పోస్టులు చదివి ఆ ముచ్చట తీర్చుకుంటున్నాను.

నూజివీడు వారూ, ఆ రాణి గదులున్న ఫ్రేముని ఈ నాలుగు రోజులూ కదపకండి, దులపకండి, తిరగేయకండి. ప్యూపా దశలో రెక్కలు, కాళ్లు మెత్తగా ఉంటాయి, ఒక్క కుదుపుకి వంకర పోతాయి. చలి గాలిలో ఎక్కువసేపు బయట పెట్టినా నష్టమే. పిల్ల ఉన్న చోటుని ఈగలు 33 నుంచి 36 డిగ్రీల మధ్యే ఉంచుతాయి, బయట గడ్డకట్టినా సరే, మీ మే నెల 44 డిగ్రీలైనా సరే. వేడెక్కితే నీళ్లు తెచ్చి పూసి రెక్కలతో విసురుతాయి. చల్లబడితే మూతల మీద ఛాతీ ఆనించి, రెక్కలు ఆడించకుండానే ఎగిరే కండరాలు వణికించి వేడి పుట్టిస్తాయి. మూత వేసిన గదుల మధ్య అక్కడక్కడా ఖాళీ గది కనపడితే రాణి వదిలేసిందనుకుంటాం కదా, కొన్నిసార్లు వెచ్చబెట్టే ఈగ ఆ గదిలోకి తలదూర్చి చుట్టూ ఉన్న గదులకి ఒకేసారి వేడి ఇస్తుంది. 2003లో జర్మనీలో పరీక్షించి చూస్తే, 32 డిగ్రీల్లో పెరిగిన ఈగలు చూడటానికి బాగానే ఉన్నా, 36లో పెరిగినవాటితో పోలిస్తే నేర్చుకోవడంలో, నాట్యంతో తోటి ఈగలకి దారి చెప్పడంలో వెనకబడ్డాయి.

అయితే ఒక విషయంలో తేనెబాట గారితో నాది వేరే మాట. నేనైతే గుడ్లు పెడుతున్న రాణిని కొని పెట్టేవాణ్ణి. మూడు వారాలకి పైగా కొత్త పిల్ల లేకపోవడం చిన్న నష్టం కాదు.

తేనెబాట · జనవరి 14

మీ దగ్గర అది సరైనదే కావచ్చు అండి, సీజను చిన్నది. ఇక్కడ రాణి గదులకి మూత పడ్డాక కొనడం దండగ. ఆ గదులన్నీ వెతికి తీసేయాలి, ఒక్కటి మిగిలినా కొన్న రాణి బతకదు. పైగా వాళ్ల దగ్గర బలమైన రెండో పెట్టె ఉంది. నూజివీడు వారూ, 17 తర్వాత ఆ పెట్టెలోంచి గుడ్లు, పసి పురుగులు ఉన్న ఒక ఫ్రేము తీసి, రాణి దాని మీద లేదని రెండుసార్లు చూసుకుని, ఈగల్ని దులిపి ఈ పెట్టెలో పెట్టండి. మూడు నాలుగు రోజులాగి చూడండి. దాని మీద కొత్తగా రాణి గదులు కడితే లోపల రాణి లేనట్టు. కట్టకపోతే ఉన్నట్టు. కన్నె రాణి కోసం కళ్లు చించుకుని వెతకడం కంటే ఈగల్నే అడగటం నయం.

ఇంకొకటి, ఆ బలమైన పెట్టెలో మగ ఈగలు ఎగురుతున్నాయా? మగ ఈగ పుట్టడానికి 24 రోజులు, పుట్టాక జతకట్టే వయసు రావడానికి ఇంకో 12 రోజులు. కొత్త రాణికి కావాల్సిన మగ ఈగల గుడ్లు డిసెంబరులోనే పడి ఉండాలి. ఒక్కో రాణి గాలిలో 10, 15 మగ ఈగలతో కలుస్తుంది, చుట్టుపక్కల పెట్టెలు ఉంటే మంచిది.

నూజివీడు_తోట · జనవరి 14

మధ్యాహ్నం పూట లావుపాటి ఈగలు పెద్ద శబ్దంతో వస్తూ పోతూ ఉన్నాయండి, కళ్లు తలంతా ఉన్నాయి. అవేనా? పక్క తోటలో కూడా పెట్టెలు ఉన్నాయి.

తేనెబాట · జనవరి 14

అవే. నిశ్చింతగా పండగ చేసుకోండి.

నూజివీడు_తోట · జనవరి 18

ఈరోజు మీరు చెప్పిన ఫ్రేము పెట్టేటప్పుడు రాణి గదులు చూశాను. ఒకదాని కొన గుండ్రంగా కోసినట్టు ఉంది, చిన్న మూత ఇంకా ఒక పక్కన అంటుకుని వేలాడుతోంది. మిగతా రెండింటికీ పక్క గోడలో చిరిగిన రంధ్రం. లోపల ఏమీ లేదు. రాణి మాత్రం కనపడలేదు.

జువాలజీ_మేడం · జనవరి 18

కొన తెరుచుకున్నది మీ రాణి బయటికొచ్చిన గది. పక్కన చిరిగినవి ఆమె చెల్లెళ్లవి. ముందు పుట్టిన రాణి తిరుగుతూ మిగతా గదుల పక్కన కొరికి, లోపలున్నవాటిని కుట్టి చంపుతుంది, కూలీ ఈగలు ఆ గదుల్ని ఖాళీ చేసేస్తాయి. ఒకటి రెండు రోజుల ముందు సాయంత్రం పెట్టెకి చెవి పెట్టి ఉంటే సన్నటి పీక శబ్దం వినపడేదేమో, బయటి రాణి ఒక రకంగా, గదుల్లో ఉన్నవి ఇంకో రకంగా పలుకుతాయి. నాకైతే చదివినప్పటికంటే విన్నప్పుడే ఒళ్లు జలదరించింది.

ఒహాయో_తెలుగు · జనవరి 18

శుభవార్త! ఇక పది రోజులు పెట్టె జోలికి వెళ్లకండి, ముఖ్యంగా మధ్యాహ్నాలు. రాణి ఎగిరి తిరిగొచ్చే టైములో మూత తీసి ఉంటే దారి తప్పుతుంది.

తేనెబాట · జనవరి 18

అది నిజమే. పరీక్ష ఫ్రేము ఒక్కటి మాత్రం 21, 22 తేదీల్లో పొద్దున్నే తీసి చూసి వెంటనే పెట్టేయండి, మిగతావి ముట్టుకోవద్దు.

నూజివీడు_తోట · జనవరి 30

పరీక్ష ఫ్రేము మీద అప్పుడు రాణి గదులు కట్టలేదు. కానీ ఈరోజు మళ్లీ టెన్షన్. పట్టు మధ్యలో అరచేయంత మేర గుడ్లు కనపడ్డాయి, ఇల్లంతా సంబరం. తీరా జాగ్రత్తగా చూస్తే కొన్ని గదుల్లో రెండేసి గుడ్లు ఉన్నాయి. కూలీ ఈగలే గుడ్లు పెట్టడం మొదలుపెడితే ఇలా ఉంటుందని ఎక్కడో చదివాను. నా పెట్టె పోయినట్టేనా?

అరకు_వలిసెలు · జనవరి 30

గుడ్లు గది అడుగున మధ్యలో ఉన్నాయా, గోడల మీద ఉన్నాయా?

నూజివీడు_తోట · జనవరి 30

అడుగునే, మధ్యలో, నిలబడి.

తేనెబాట · జనవరి 30

అయితే రాణే. కూలీ ఈగ పొట్ట పొట్టి, అడుగు దాకా అందదు కాబట్టి గోడల మీద, ఎలా పడితే అలా, ఒక్కో గదిలో ఐదారు పెడుతుంది. కొత్త రాణి మొదట్లో ఒకటి రెండు చోట్ల రెండేసి పెట్టడం మామూలే, కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. పైగా మీరు ఇచ్చిన ఫ్రేములో పిల్ల ఉంది, పిల్ల వాసన ఉన్నచోట కూలీ ఈగలు అంత తొందరగా గుడ్లకి దిగవు.

పూర్తి ధైర్యం కావాలంటే మూత పడేదాకా ఆగండి. కూలీ గదుల మూతలు చదునుగా, లేత గోధుమ రంగులో, వరస తప్పకుండా ఉంటే అంతా సవ్యం. అదే చిన్న గదుల మీద ఉబ్బెత్తు మూతలు లేస్తే అవి మగ ఈగలు, రాణి సరిగ్గా జతకట్టలేదన్నమాట. మూతలు చదునుగానే ఉండి, మధ్య మధ్యలో మరీ ఎక్కువ ఖాళీలుంటే రాణికీ ఆమెతో కలిసిన మగ ఈగలకీ దగ్గరి రక్తసంబంధం అనుమానించాలి, అలాంటప్పుడు పుట్టే పనికిరాని మగ పురుగుల్ని దాది ఈగలు పుట్టిన కొన్ని గంటల్లోనే తినేస్తాయి.

ఇప్పుడు పుప్పొడి వస్తోందా చూడండి, కాళ్లకి రంగు ముద్దలు కనపడాలి. దాదులు జెల్లీ చేయాలంటే పుప్పొడి కావాలి, ఒట్టి పంచదార పాకంతో పిల్ల పెరగదు. పుప్పొడి మరీ కరువైతే పసి పురుగుల్ని తామే తినేస్తాయి.

సిద్దిపేట_పొద్దుతిరుగుడు · జనవరి 31

ఇన్నేళ్ల నుంచి పాకం పోసి పోసి పెట్టెలు ఎందుకు పెరగటం లేదా అని మా ఊళ్లో ఒకాయన తలపట్టుకుంటున్నడు. ఈ పోస్టు ఆయనకి పంపిన.

నూజివీడు_తోట · ఫిబ్రవరి 8

మూతలన్నీ చదునుగా ఉన్నాయి! అంచుల్లో మాత్రమే కొన్ని ఉబ్బెత్తువి. ఖాళీలు చాలా తక్కువ. రాణిని కూడా చూశాను, పొడుగ్గా, నింపాదిగా నడుస్తోంది, చుట్టూ ఈగలు. మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మామిడి పూత ఎలాగూ చివరికొచ్చింది. మార్చిలో పక్క ఊళ్లో నువ్వుల పూత ఉంటుంది, ఈ పెట్టెని అక్కడికి తీసుకెళ్తే తేనె వస్తుందా?

తేనెబాట · ఫిబ్రవరి 8

మళ్లీ లెక్కే. జనవరి 28కి పడిన గుడ్డు ఫిబ్రవరి 18కి ఈగ అవుతుంది. పుట్టగానే బయటికి వెళ్లదు, మొదటి రెండు మూడు రోజులు గదులు శుభ్రం చేస్తుంది, ఆ తర్వాత దాది పని, పన్నెండో రోజు దాటాక మైనం, తర్వాత వాకిలి కాపలా, మూడు వారాలకి పూల మీదకి. అంటే మీ కొత్త రాణి కూతుళ్లు మకరందం తేవడం మార్చి 10 తర్వాతే. అప్పటిదాకా ఉన్న పాత ఈగలు రాలిపోతూ ఉంటాయి కాబట్టి ఫిబ్రవరి నెలాఖరులో పెట్టె ఇంకా చిక్కినట్టే కనపడుతుంది. అందుకే ఇప్పుడే, ఈ వారంలోనే, బలమైన పెట్టెలోంచి మూత వేసిన పిల్ల ఫ్రేము ఒకటి తీసి దీంట్లో వేయండి. అవి పది పన్నెండు రోజుల్లో పుట్టి దాదులవుతాయి, రాణి ఇంకా ఎక్కువ పెట్టగలుగుతుంది.

నువ్వుల చేనుకి మార్చి మొదటి వారంలో తీసుకెళ్లండి. రాత్రి పూట, వాకిలి మూసి, ఫ్రేములు కదలకుండా బిగించి. ఆ రైతు మందు కొట్టేది ఎప్పుడో ముందే మాట్లాడుకోండి, సాయంత్రం ఈగలు లోపలికి వచ్చాక కొట్టమని అడగండి. వీలైతే మొదట పూత పట్టే మడి పక్కనే దింపండి, నీళ్ల తొట్టి ఒకటి దగ్గర్లో పెట్టండి, అందులో ఈగలు వాలడానికి నాలుగు పుల్లలు వేయడం మర్చిపోవద్దు.